బంతి చుట్టూ ఉన్న నేల
(రేడియోలో ప్రసారమైన వర్తమానము)

 ఇంట్లో పని చేసుకుంటూ వింటున్నవారికి, పొలం గట్టు మీద కూర్చుని వింటున్నవారికి, ప్రయాణంలో ఉన్నవారికి, ఆసుపత్రి మంచం మీదనుండి వింటున్నవారికి దేవుని సమాధానం తోడైయుండును గాక.

ఈ రోజు మీతో ఒక ఆటను గురించి మాట్లాడాలని ఆశపడుతున్నాను. క్రికెట్ కాదు, కబడ్డీ కాదు. గోల్ఫ్. "పాస్టరుగారికి గోల్ఫ్ ఎందుకండీ, అది గొప్పవాళ్ల ఆట కదా" అని కొందరు నవ్వుకుంటున్నారేమో. నిజమే. నేను ఆ కర్రను ఏనాడూ చేతితో పట్టుకోలేదు. కాని ఆ ఆటలోని ఒక చిన్న నిబంధన నా జీవితంలో ఒక గోడను పడగొట్టించింది. అలంకారానికి చెప్పడం లేదు. ఇటుకలతో, సిమెంటుతో కట్టిన నిజమైన గోడ. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మా సంఘంలోని ఒక తమ్ముడు హైదరాబాదులో ఒక గోల్ఫ్ మైదానంలో క్యాడీగా పని చేస్తున్నాడు. ఆటగాడి కర్రల సంచి మోసుకుంటూ, బంతి ఎక్కడ పడిందో చూసిపెడుతూ వెంట నడిచే మనిషిని క్యాడీ అంటారు. ఒక క్రిస్మసు సెలవులకు ఊరికి వచ్చి, నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చాడు. వరండాలో కూర్చుని టీ తాగుతూ అతని పని ఎలా ఉందని అడిగాను. అతడు చెప్పిన మొదటి మాటే నన్ను పట్టుకుంది.

"అయ్యగారూ, మా ఆటలో బంతి కన్నా బంతి చుట్టూ ఉన్న నేలకే ఎక్కువ రూల్సండీ."

అదేమిటి తమ్ముడూ, వివరంగా చెప్పు అన్నాను.

శ్రోతలారా, గోల్ఫ్ తెలియనివారి కోసం రెండు మాటలు. విశాలమైన మైదానంలో పద్దెనిమిది చిన్న గుంటలుంటాయి. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి ఒక్కొక్క గుంటలో వేయాలి. ఎవరు తక్కువ దెబ్బలతో పూర్తి చేస్తే వారు గెలిచినట్టు. దారిలో నున్నని పచ్చిక ఉంటుంది, ఎత్తుగా పెరిగిన గడ్డి ఉంటుంది, నీళ్లుంటాయి, బంకర్లు అని పిలిచే ఇసుక గుంటలుంటాయి. బంతి ఎక్కడ పడితే అక్కడనుండే కొట్టాలి. ఈ ఆటకు మూలసూత్రం ఇదే: నేల ఎలా ఉందో అలాగే తీసుకోవాలి, బంతి ఎలా పడిందో అలాగే ఆడాలి.

ఈ సూత్రం నిన్న మొన్నటిది కాదు. మనకు దొరికే గోల్ఫ్ నిబంధనలలో అత్యంత పాతవి 1744లో స్కాట్లాండు దేశంలో, ఎడిన్‌బరో దగ్గరున్న లీత్ అనే చోట రాసినవి. మొత్తం పదమూడే నిబంధనలు. అందులోనే ఒకటి బంతి చుట్టూ ఉన్న నేలను గురించి ఉంది. చదునైన పచ్చిక మీద, అదీ బంతికి ఒక కర్ర పొడవు లోపల తప్ప, మరెక్కడా నీ వీలు కోసం రాళ్లను, ఎముకలను, విరిగిన కర్ర ముక్కలను తీసివేయకూడదని దాని సారాంశం. చూశారా, ఆ కాలంలోనే మనిషి చేయి బంతి పక్కనున్న నేల వైపు సాగుతుందని ఆ పెద్దలకు అర్థమైపోయింది!

ఇప్పుడు ఈ నిబంధనలను స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ సంస్థ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి రూపొందిస్తున్నాయి. అవి చెప్పేది సులభంగా చెబుతాను. మామూలు గడ్డి మీద బంతి ఉంటే, కర్రను బంతి వెనుక నేల మీద తేలికగా ఆనించవచ్చు. నొక్కకూడదు. గడ్డిని తొక్కి అణచకూడదు, కొమ్మను విరవకూడదు, నేలను చదును చేయకూడదు. రాలిన ఆకును, విడిగా పడివున్న రాయిని తీసివేయవచ్చు. కాని అలా తీస్తున్నప్పుడు గడ్డి మీదున్న బంతి కదిలితే ఒక దెబ్బ అదనంగా లెక్కలోకి వస్తుంది. బంతి కనబడకపోతే వెదకడానికి మూడు నిమిషాలు. వెదుకుతున్నప్పుడు పొరపాటున అది కాలికి తగిలి కదిలితే శిక్ష లేదు, తిరిగి దాని చోట పెట్టాలి. గుంట చుట్టూ ఉన్న నున్నని పచ్చిక దగ్గర, నేల ఎటు వాలుగా ఉందో కళ్లతో చూడవచ్చు. కాని అది తెలుసుకోవడం కోసం చేతితో రుద్ది చూడకూడదు, ఇంకో బంతిని దొర్లించి చూడకూడదు.

ఇక ఇసుక గుంట. అన్నిటికన్నా కఠినమైన నియమం ఇక్కడే. బంతి ఇసుకలో పడినప్పుడు ఆ ఇసుక మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, పైన పొడిగా ఉండి లోపల తడిగా ఉందా అనే దాన్నిబట్టి దెబ్బ కొట్టే తీరు మారుతుంది. దాన్ని కంటితో, అనుభవంతో పసిగట్టడం ఆటగాడి నేర్పు. అందుకని దెబ్బ కొట్టకముందు ఇసుక స్వభావం తెలుసుకునేందుకు చేతితోగాని, కర్రతోగాని, ఇసుకను సర్దే పారతోగాని, దేనితోనూ కావాలని తాకకూడదు. బంతికి సరిగ్గా ముందూ వెనుకా ఉన్న ఇసుకను కర్రతో ముట్టుకోకూడదు. కొట్టడానికి కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు కూడా అది ఇసుకకు తగలకూడదు. తగిలిందా, రెండు దెబ్బల శిక్ష. ఇద్దరి మధ్య గుంట గుంటకు జరిగే పోటీ అయితే ఆ గుంటే పోయినట్టు.

ఇంతవరకూ విని నేను ఆ తమ్ముణ్ణి అడిగాను: "అంత పెద్ద మైదానంలో ఇదంతా ఎవరు చూస్తారు? క్రికెట్టులో లాగా అంపైరు ఉంటాడా?"

అతడు నవ్వి ఇలా అన్నాడు: "మా దగ్గర ఆడే ఆటల్లో ఎవరూ ఉండరండీ. తప్పు చేసినవాడే చెప్పాలి. తనమీద తనే రెండు దెబ్బలు వేసుకోవాలి."

ప్రియులారా, ఆ మాట దగ్గర మనం కాసేపు ఆగుదాం. పెద్ద పోటీలలో అధికారులు ఉంటారు, కెమెరాలు ఉంటాయి. కాని ప్రతి ఆటగాడి వెంట ప్రతి దెబ్బకూ ఒక అంపైరు నిలబడడు. తన తప్పును తానే గుర్తించి, తన శిక్షను తానే నిజాయితీగా వేసుకోవాలని నిబంధనల పుస్తకమే మొదట్లోనే చెబుతుంది. మనిషి మనస్సాక్షిని నమ్మి నడిచే ఆట అది.

ఇందుకు జరిగిన సంగతులు కొన్ని మీకు చెబుతాను.

1925లో అమెరికాలోని వూస్టర్ నగరంలో యు.ఎస్. ఓపెన్ పోటీ జరిగింది. బాబీ జోన్స్ అనే యువకుడు ఆడుతున్నాడు. డబ్బు కోసం ఆడేవాడు కాదు, ఇష్టంతో ఆడేవాడు. మొదటి రౌండులో అతని బంతి ఎత్తు గడ్డిలో పడింది. కొట్టడానికి సిద్ధమవుతుండగా కర్ర గడ్డికి తగిలి బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. అధికారులు విచారించారు. చూశామన్నవారు ఒక్కరూ లేరు. కాని అతడు మాత్రం, కదిలింది, నేను చూశాను అని పట్టుబట్టి ఒక దెబ్బ శిక్ష వేయించుకున్నాడు. నాలుగు రౌండ్లు ముగిసేసరికి ఏమైందో తెలుసా? విల్లీ మక్‌ఫార్లేన్ అనే ఆటగాడితో సమానంగా నిలిచాడు. ఆ ఒక్క దెబ్బ లేకపోతే అప్పటికే గెలిచివుండేవాడు! తరువాత జరిగిన అదనపు పోటీలో ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. జనం అతని నిజాయితీని పొగిడితే, బ్యాంకును దోచుకోనందుకు ఒకణ్ణి పొగిడినట్టు ఉంది ఇది అన్న అర్థం వచ్చేలా బదులిచ్చాడని చెబుతారు. ఈ రోజు అమెరికా గోల్ఫ్ సంఘం ఆటలో సత్ప్రవర్తనకు ఇచ్చే పురస్కారం ఆయన పేరుతోనే ఉంది.

రెండో సంగతి 2010 ఏప్రిలులో జరిగింది. ఇంగ్లండుకు చెందిన బ్రయన్ డేవిస్ అమెరికాలోని హిల్టన్ హెడ్ అనే సముద్రతీర ప్రాంతంలో ఆడుతున్నాడు. అమెరికాలోని పి.జి.ఎ. టూరులో అతనికి అప్పటికి ఒక్క గెలుపూ లేదు. ఆ రోజు జిమ్ ఫ్యూరిక్ అనే పేరున్న ఆటగాడితో సమానంగా నిలిచాడు. ఇద్దరికీ అదనపు పోటీ పెట్టారు. డేవిస్ బంతి తీరం పక్కన, రెల్లు పుల్లలు పడివున్న చోట ఆగింది. అటువంటి చోట విడిగా పడివున్న పుల్లను కదిలించకూడదని అప్పటి నియమం. అతడు కర్రను వెనక్కి ఎత్తుతున్నప్పుడు ఒక ఎండు పుల్లకు తగిలినట్టు అతని కంటికి అనిపించింది. దెబ్బ కొట్టిన వెంటనే అధికారిని పిలిచాడు. టీవీ దృశ్యాన్ని చాలా నెమ్మదిగా తిప్పి చూస్తే తప్ప అది కనబడలేదు. రెండు దెబ్బల శిక్ష. గెలుపు చేజారింది. మొదటి బహుమతికీ రెండో బహుమతికీ తేడా నాలుగు లక్షల డాలర్లకు పైనే. ఆ టూరులో ఆ మొదటి గెలుపు అతనికి తరువాత కూడా దక్కలేదు.

సహోదరులారా, ఒక ఎండు పుల్ల! మనమైతే ఏమనుకుంటాం? "గాలికి కదిలిందేమోలే" అనుకుంటాం.

మూడో సంగతి అదే 2010లో, ఆగస్టు నెలలో. విస్కాన్సిన్ రాష్ట్రంలో విస్లింగ్ స్ట్రెయిట్స్ అనే మైదానంలో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. ఆ మైదానంలో ఇసుక గుంటలు సుమారు వెయ్యి. ప్రేక్షకులు నిలబడే చోట్ల కూడా గుంటలే. అందుకని, ప్రేక్షకులు తొక్కినా సరే, ఇసుక ఉన్న ప్రతి గుంటనూ బంకరుగానే లెక్కించాలని ఆటగాళ్లకు ముందే నోటీసు ఇచ్చారు. ఆఖరి రోజు, ఆఖరి గుంట. డస్టిన్ జాన్సన్ ఒక దెబ్బ ఆధిక్యంలో ఉన్నాడు. బంతి జనం మధ్యకు పోయి, వాళ్లు తొక్కి తొక్కి మట్టిగా మారినట్టున్న చోట పడింది. అతడు దాన్ని మామూలు నేల అనుకుని, బంతి వెనుక కర్ర ఆనించి కొట్టాడు. అది బంకరు. ఆ గుంట ముగిసేసరికి ముగ్గురు సమానమయ్యారు, అదనపు పోటీకి సిద్ధమవుతుండగా అధికారులు వచ్చి రెండు దెబ్బల శిక్ష చెప్పారు. అతడు ఐదో స్థానానికి జారాడు. మార్టిన్ కైమర్ గెలిచాడు.

ఈ మూడు సంగతులలో తేడా గమనించండి. జోన్స్‌కు తన తప్పు తెలుసు, ఎవరూ చూడలేదు, చెప్పాడు. డేవిస్‌కు అనుమానమే ఉంది, పిలిచి అడిగాడు. జాన్సన్‌కు తాను నిలబడిన నేల ఏమిటో తెలియలేదు. తెలియక చేసినా శిక్ష పడింది. అయినా అతని ఆట అక్కడితో ఆగిపోలేదు. 2016లో యు.ఎస్. ఓపెన్, 2020లో మాస్టర్స్ గెలిచాడు. శిక్ష పడినవాడు ముగిసిపోయినవాడు కాడు. పడినవాడు లేవవచ్చు. సువార్త కూడా అదే చెబుతుంది కదా!

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి. 2019 జనవరి 1 నుండి గోల్ఫ్ నిబంధనలను చాలా మార్చారు. ముప్పై నాలుగు నిబంధనలను ఇరవై నాలుగు చేశారు. వాటిలో ఎంతో కనికరం కనిపిస్తుంది. ఇప్పుడు ఇసుక గుంటలోని ఆకును, రాయిని తీసివేయవచ్చు. డేవిస్‌కు శిక్ష తెచ్చిన పుల్ల వంటిదాన్ని కదిలించినా ఇప్పుడు శిక్ష లేదు. బంతి తనదో కాదో చూసుకోవడానికి దాన్ని ఎత్తాలంటే, పూర్వం తోటి ఆటగాడికి చెప్పి ఎత్తాలి. ఇప్పుడు దాని చోటును గుర్తు పెట్టి ఎత్తితే చాలు, ఎవరినీ పిలవనక్కరలేదు. అంటే మనిషి మీద నమ్మకం ఇంకా పెంచారన్నమాట.

ఇసుక నియమంలో కూడా ఒక మార్పు తెచ్చారు. అలసిపోయి కర్ర మీద ఆనుకుని నిలబడితే, ఆ కర్ర ఇసుకకు తగిలినా తప్పు లేదు. పడిపోకుండా ఆసరాగా ఆనించినా తప్పు లేదు. పాదాలను ఇసుకలో కుదురుగా నిలుపుకోవచ్చు. ఆఖరికి, ఆట చెడిపోయిందన్న కోపంతో ఇసుకను కర్రతో కొట్టినా శిక్ష లేదట! కాని అదే కర్రతో, అదే ఇసుకను, 'ఎంత మెత్తగా ఉందో' అని తెలుసుకునే ఉద్దేశంతో తాకితే రెండు దెబ్బలు.

ఆలోచించండి. ఇద్దరు ఆటగాళ్లు పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి కర్రలూ ఇసుకలో ఆనాయి. ఒకడు అలసటతో ఆనించాడు. రెండోవాడు ఇసుకను పరీక్షిస్తూ, అలసినట్టు నటిస్తున్నాడు. చూసేవారికి తేడా లేదు. కెమెరాకు తేడా లేదు. క్యాడీకి కూడా తెలియదు. తేడా అంతా లోపల ఉంది. మొదటివాడు నిర్దోషి, రెండోవాడు దోషి. ఈ తీర్పు ఎవరు చెప్పగలరు? ఆ మనిషి, ఆ మనిషిని చేసిన దేవుడు.

ప్రియ దేవుని బిడ్డలారా, మన ప్రభువు కొండమీద బోధించినప్పుడు ఇదే చేశారు. చేతి పనినుండి గుండెలోని తలంపుకు లోతుగా వెళ్లారు. ప్రార్థన చేసేవాడు ఎవరు చూడాలని చేస్తున్నాడు? ధర్మం చేసేవాడు దేనికోసం చేస్తున్నాడు? బయటికి ఒకే పని. లోపల రెండు మనసులు.

ఆకాను సంగతి మీకు తెలిసినదే. యెహోషువ గ్రంథం ఏడవ అధ్యాయం. అతడు దొంగిలించినదాన్ని ఎక్కడ దాచాడు? తన డేరా మధ్యలో, నేల కింద. పైన చూస్తే మామూలు నేలే. ఇంటిల్లిపాదీ దాని మీదనే నడుస్తున్నారు. కాని ఆ నేల కింద ఏముందో దేవునికి తెలుసు.

ఇక్కడికి వచ్చేసరికి నా గోడ సంగతి చెప్పక తప్పదు. చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే, నేను కూడా ఆ నటించే రెండో ఆటగాడినే అవుతాను.

ఆ క్యాడీ తమ్ముడు నాతో మాట్లాడుతున్నప్పుడు మా ఎదురుగా మందిరానికి కొత్తగా కట్టిన ప్రహరీ గోడ ఉంది. అంతకు ముందు ఎండాకాలంలోనే కట్టాం. అరవై అడుగుల గోడ. సంఘస్తులు కూలి డబ్బులలోనుండి చందాలిచ్చి కట్టించారు. గోడకు అవతల ఒక వృద్ధురాలి స్థలం. ఆమె విధవరాలు, మన సంఘస్తురాలు కాదు. పని మొదలుపెట్టినప్పుడు ఆమె కూతురి ఊరికి వెళ్లివుంది. హద్దు ఇదే అనుకుని దారం కట్టించాం. ఆ దారానికి అడ్డం వచ్చిన ఒక మునగ చెట్టును కొట్టించాం. అంతవరకూ తెలియక చేసిందే.

మర్నాడు పునాది తవ్వుతుంటే మేస్త్రీ గునపానికి ఏదో రాయి ఖంగుమని తగిలింది. మట్టి తీసి చూశాడు. సర్వే రాయి. మేము కట్టిన దారానికి అడుగున్నర ఇవతల, మా వైపున ఉంది. అంటే ఆమె స్థలంలోకి అడుగున్నర వెళ్లాం. మేస్త్రీ తలెత్తి నా వైపు చూసి, "ఏం చేయమంటారు అయ్యగారూ?" అన్నాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. నేను ఒక్క క్షణం ఆగాను. పునాది సగం తవ్వేశారు, కూలీలు వచ్చేశారు, సిమెంటు దిగింది. "దారం ఎలా ఉందో అలా కానివ్వు" అన్నాను. అతడు మాట్లాడకుండా రాయి మీద మట్టి కప్పేశాడు.

లెక్క వేస్తే పది గజాల నేల. దేవుని మందిరం కోసమే కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఆ ఆదివారం ప్రసంగం కూడా చేశాను. దేని మీద చేశానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నమ్మకత్వం మీద.

పొరుగువాని సరిహద్దు రాయిని జరపవద్దని ద్వితీయోపదేశకాండంలో దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. సామెతల గ్రంథంలో కూడా ఆ హెచ్చరిక ఉంది, తండ్రిలేనివారి పొలంలోకి చొరబడవద్దని ప్రత్యేకంగా ఉంది. వేదాంత కళాశాలలో నేను వాటిని మూలభాషలో చదివాను. చదివినది చేతికి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. అదీ ఒక క్యాడీ నోటిద్వారా వచ్చింది.

అతడు వెళ్లిపోయాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొరపాటున తగిలితే శిక్ష లేదు, కావాలని తాకితే ఉంది. దారం తప్పు కట్టడం పొరపాటు. రాయి మీద మట్టి కప్పించడం పొరపాటు కాదు. అంపైరు లేడు. తప్పు చేసినవాడే చెప్పాలి.

తెల్లవారి సంఘ పెద్దలను పిలిచి ఉన్నదంతా చెప్పాను. ఒకాయన, "ఆమెకే తెలియనప్పుడు మనమెందుకు కదిలించడం?" అన్నారు. ఇంకొకాయన సంఘం పరువు పోతుందన్నారు. మూడో పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, "పరువు ఆ రాయి కిందే ఉంది అయ్యగారూ, తవ్వి తీద్దాం" అన్నారు. ఆదివారం ఆరాధనలో సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాను. కొందరు ఏడ్చారు, కొందరు కోప్పడ్డారు. కోప్పడినవారిది న్యాయమే, అది వారి చెమట డబ్బు. గోడ పడగొట్టి, అడుగున్నర ఇవతలికి తిరిగి కట్టించాం. ఆ ఖర్చు సంఘం మీద పడకుండా నా జీతంలోనుండి నెలనెలా ఇచ్చి తీర్చాను. నా భార్య ఒక్క మాట కూడా అనకుండా ఆ నెలలు సంసారం నెట్టుకొచ్చింది.

తరువాత ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆమె గోడ వంక చూసి, నా వంక చూసి ఇలా అంది: "గోడ జరిపావు, మంచిదే బాబూ. మరి నా చెట్టేదీ?"

నా దగ్గర జవాబు లేదు. సహోదరులారా, క్షమాపణ దొరుకుతుంది. శిక్ష చెల్లించవచ్చు. గోడను కూడా జరపవచ్చు. కాని కొట్టేసిన చెట్టును మళ్లీ నిలబెట్టలేం. పాపానికి క్షమాపణ ఉందని ధైర్యంగా ప్రకటించే మనం, పాపం వల్ల పొరుగువానికి కలిగిన నష్టం గురించి తక్కువగా మాట్లాడుతుంటాం. జక్కయ్య అలా చేయలేదు. ప్రభువు తన ఇంట అడుగుపెట్టిన రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇచ్చినందుకు రక్షణ రాలేదు. రక్షణ వచ్చింది కాబట్టి చేయి తెరుచుకుంది.

నేను వేరే ఊరినుండి ఒక మునగ కొమ్మ తెచ్చి, ఆమె చూపించిన చోట నాటాను. అది బతికింది. ఇప్పుడు కాస్తోంది. కాయలు కోసినప్పుడు ఆమె మా ఇంటికి కూడా నాలుగు పంపుతుంది. ఆ మునక్కాడల పులుసు తింటున్నప్పుడల్లా నాకు కొంచెం సిగ్గు, ఎక్కువ సంతోషం.

శ్రోతలారా, ఇప్పుడు మీ బంతి చుట్టూ ఉన్న నేలను చూసుకోండి. వ్యాపారం చేసే సహోదరుడా, నీ కాటా చుట్టూ ఉన్న నేల ఎలా ఉంది? ఉద్యోగం చేసే సహోదరీ, నీవు సంతకం పెట్టిన కాగితం చుట్టూ? అన్నదమ్ములతో ఆస్తి పంచుకున్నవారలారా, ఆ పంపకం రోజు ఏదైనా రాయి మీద మట్టి కప్పారా? తోటి సేవకులారా, కానుకల పుస్తకం చుట్టూ ఎలా ఉంది? తెలియక చేసినదైతే, తెలిసిన ఈ రోజే సరిచేయండి. అనుమానమే ఉంటే, డేవిస్ లాగా పిలిచి అడగండి. తెలిసే చేసినదైతే, మీ రెండు దెబ్బలు మీరే చెప్పుకోండి.

భయమేస్తుంది, నిజమే. ఓడిపోతామని భయం. కాని క్రీస్తునందు మనం ఇప్పటికే అంగీకరించబడినవారం. గెలిస్తేనే తండ్రి ఇంట్లోకి రానిస్తాడనుకునేవాడు లెక్కలు దాస్తాడు. ఓడినా తండ్రి తలుపు తెరిచేవుందని తెలిసినవాడు దాచవలసిన అవసరం లేదు. చిన్న సంగతులలో నమ్మకత్వం గురించి ప్రభువు చెప్పిన మాటకు బలం ఇక్కడినుండే వస్తుంది.

తలలు వంచి ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, మమ్మును ఎరిగిన దేవా, ఎవరూ చూడని చోట మా చేతులు ఏమి చేశాయో నీకు తెలుసు. మేము మట్టి కప్పిన రాళ్లను చూపించు. తవ్వి తీసే ధైర్యం దయచేయి. మావలన నష్టపోయినవారిని జ్ఞాపకం చేసుకో. వారి ఎదుట నిలబడే వినయం మాకిమ్ము. ఈ మాటలు విన్న ప్రతి ఇంటినీ నీ సమాధానంతో నింపుమని మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.